పోయిన వాసన వెతుక్కుంటూ గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా

ఆ రోజు మా కర్రీపాయింట్‌లో పప్పు మాడింది. పొయ్యి పక్కనే నిలబడి కూడా నేను గమనించలేదు. రోడ్డు మీద పోతున్న ఆటో అతను లోపలికి తొంగిచూసి "అక్కా, ఏదో మాడుతున్నట్టుంది" అంటే అప్పుడు మూత తీశాను.

శివరాత్రి తరవాత వచ్చిన జ్వరం పోతూ పోతూ నా వాసనను పట్టుకుపోయింది. ఉప్పు, పులుపు, కారం నాలుకకు తెలుస్తున్నాయి. మిగతాదంతా అట్టముక్క నమిలినట్టే. "వస్తుంది, ఎప్పుడో చెప్పలేం" అన్నాడు డాక్టరు. కూరల్లో అల్లం పచ్చివాసన పోవడం లేదని రోజూ వచ్చే వాళ్లు ఒక్కొక్కరే పక్క వీధికి మళ్లారు. గిన్నెలు కడుగుతూ ఏడుస్తుంటే మా ఆయన చూశాడు.

"మూడు దినాలు దుకాణం నేను జూసుకుంట. నువ్వు మీ పెద్దమ్మ తానికి పో. ఏం వండకు. ఉత్తగ తినిరా" అన్నాడు.

పొద్దున్నే కాచిగూడలో రైలెక్కాను. నాకు కిటికీ సీటు దొరకడమే కాదు, ఎదుటి సీటు కూడా దాదాపు ఖాళీగా ఉంది. అక్కడ ఒక ముసలామె ఒక్కతే కూర్చుంది, కాళ్ల దగ్గర ఎండుచేపల సంచి. మహబూబ్‌నగర్ దాటాక ఆమే ఉండబట్టలేక అడిగింది. "అందరు లేచి పోయిన్రు బిడ్డా, నీకు వాసనొస్తలేదా?"

"వస్తలేదమ్మా. అదే నా పరేషాన్" అన్నాను. ఆమె పగలబడి నవ్వి, నా వైపున్న సంచి మూతి ఇంకాస్త విప్పింది. "గట్టిగ పీల్చు. దీనికి రాలేదంటే ఇంక దేనికి రాదు." పీల్చాను. రాలేదు.

గద్వాలలో దిగేసరికి ఎండ ముదిరింది. స్టేషను బయట చిన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. నానబెట్టిన బొరుగులకు వేసిన పోపు అది, ఆ ఊళ్లో పొద్దుటి టిఫిన్ అంటే అదే. మెత్తగా, పుల్లగా ఉందని మాత్రం చెప్పగలను. కర్ణాటక దగ్గర కాబట్టి హోటలాయన "చాలా?" అనకుండా "సాకా అక్కా?" అంటాడు. సాకు అనలేక ఇంకో బజ్జీ తిన్నాను.

ఆత్మకూరు బస్సు జూరాల డ్యాం మీదుగా పోతుంది. ఆడవాళ్లు ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు, టికెట్‌కు డబ్బులు ఇవ్వనక్కర లేదు. డ్యాం దగ్గర దిగి చేపల వేపుడు తిన్నాను. ఆ దారిన వెళ్లేవాళ్లెవరూ దిగకుండా పోకండి. వాసన లేకపోయినా కరకరమనే చప్పుడు కోసమైనా తినాలి. మళ్లీ బస్సెక్కి ఆత్మకూరు, అక్కడ నుంచి ఆటోలో పెద్దమ్మ ఊరు అమరచింత.

మా పెద్దమ్మ మిద్దె మీద ఉంది. బట్టలారేసే తీగల మీద మాంసం ఆరేసి, కాకులు రాకుండా కట్టె పట్టుకుని కూర్చుంది. మేకమాంసాన్ని పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి ఎండలో ఆరబెడితే ఒట్టి తునకలు. వేసవిలో చేసిపెట్టుకుంటే వానాకాలమంతా వస్తాయి.

సాయంత్రం నాలుగు తునకలు నిప్పుల మీద కాల్చి, దంచి, చింతచిగురుతో వండింది. కాల్చేటప్పుడు ఒకటి నా ముక్కు కిందే పెట్టింది. "వచ్చిందా?"

"లేదు పెద్దమ్మా."

నాకంటే ఆమెకే ఎక్కువ బాధేసింది. నేను తింటుంటే కాసేపు చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నా చేతి కూర నీకు మన్ను లెక్కనే ఉందా బిడ్డా?"

"పులుపు తెలుస్తుంది, కారం తెలుస్తుంది. నువ్వు పక్కన కూసున్నది తెలుస్తుంది" అన్నాను. "మాటలకేం తక్వ లేదు" అని ఇంకో రొట్టె వేసింది. మర్నాడు బయలుదేరుతుంటే కాల్చిన తునకలు ఒక పెద్ద పొట్లం కట్టి చేతిలో పెట్టింది. "వాసన రాకుంటే రాకపాయె. బలమన్న వస్తది."

వనపర్తి బస్టాండు దగ్గర బస్సు మారాలి. ఆకలి లేకపోయినా బండి దగ్గర ఆగి బజ్జీ కొరికాను. కొరకగానే ముక్కులోకి ఏదో జివ్వున ఎక్కింది. మరిగి మరిగి ముదిరిన నూనె కంపు!

"నూనె కంపు గొడుతుంది!" అని అరిచాను, సంతోషం పట్టలేక.

బండివాడి ముఖం ఎర్రబడింది. "ఏందక్కా గట్లంటవు? గిరాకీ ముంగట!"

"కోపం చేయకన్నా. ఇంకో రెండు పెట్టు!"

అందరూ నన్ను వింతగా చూశారు. సంగతంతా చెప్పాక అతను తనూ వంగి మూకుడు వాసన చూసుకున్నాడు. నవ్వాపుకుంటూ "సరేతియ్, మారుస్త. కని కొత్త నూనె బజ్జీలు గుడ తినిపో" అన్నాడు. తిన్నాను. కొత్త నూనె వాసన మాత్రం రాలేదు.

మధ్యాహ్నం నాగర్‌కర్నూల్‌లో ఒక మెస్సులో జొన్నరొట్టె, నాటుకోడి కూర. వెల్లుల్లి వచ్చింది. కొత్తిమీర రాలేదు. లవంగం వచ్చి, పలకరించి, వెళ్లిపోయింది. పిచ్చిదానిలా ప్రతి ముద్దనూ ముక్కు దగ్గర పెట్టుకుంటుంటే సర్వరు భయపడి "కూర మంచిగ లేదా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు.

హైదరాబాదు బస్సులో పక్కన ఒక నడివయసు మనిషి కూర్చుంది. తండ్రి కాలు విరిగి పట్నం దవాఖానలో ఉన్నాడట, అన్నం తీసుకుపోతోంది. తిమ్మాజిపేటలో బస్సు ఆగినప్పుడు డబ్బా విప్పి నా ముందు పెట్టింది.

"అక్కా, జర వాసన జూస్తవా? ఎండకు పప్పు ఖరాబైందేమో. నాకు జలుబు, ఏం తెలుస్తలేదు."

డబ్బా చేతిలోకి తీసుకున్నాను. తెలియదని చెప్పేస్తే పోయేది. కళ్లు మూసుకుని పీల్చాను. ముందు ఏమీ లేదు. మళ్లీ పీల్చాను. వెల్లుల్లి. దాని అడుగున, సన్నగా, పులిసిన వాసన.

"పెట్టకు చెల్లె. పాడైంది."

ఆమె చిటికెడు నాలుక మీద వేసుకుని ముఖం చిట్లించింది. "నిజమే అక్కా! మంచిగైంది అడిగిన." వట్టి అన్నం ఎట్లా పెట్టాలని ఆమె దిగులు పడుతుంటే, పెద్దమ్మ పొట్లం విప్పి సగం తునకలు ఆమె డబ్బా మూతలో పోశాను. "అయ్యో, ఎందుకక్కా" అంటూనే ఒకటి నోట్లో వేసుకుని, "మా నాయినకు పానం లేచొస్తది" అంది.

జడ్చర్ల దాటాక ఇంటికి ఫోన్ చేశాను. ఈ రెండు రోజుల్లో ఏం తిన్నానని ఎవరైనా అడిగితే రుచులు చెప్పలేను. ఎవరు పెట్టారో, ఏమంటూ పెట్టారో మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు.

"రేపు వంట నేనే చేస్త" అన్నాను మా ఆయనతో.

"వాసన వచ్చిందా?"

"సగమొచ్చింది."

"మరి తక్కిన సగం?"

"నువ్వు పొయ్యి కాడ నిలబడి చెప్పు."