మేనమామ లేని కొప్పు

మా చిన్నప్పుడు... అరకు కొండల్లో మా బడికి కొత్త రూలొచ్చింది. మగపిల్లలంతా క్రాపు కొట్టించుకోవాలి. పిలకలుండకూడదు, కొప్పులుండకూడదు. ఇనస్పెక్టరు దొర వస్తున్నాడట!

మేము కింద మైదానం నుంచి వచ్చి సంతలో ఉప్పు కొట్టు పెట్టుకున్నవాళ్ళం. నా పిలక పోయినందుకు నానమ్మ అన్నం మానేసింది. నాకు మాత్రం తల తేలికై భలే సంబరం...

ఇక మిగిలింది సోమడు. నా పక్కన కూర్చునే కొండ గూడెం పిల్లాడు. పుట్టాక కత్తెర తగలని జుట్టు వాడిది, ఇంత కొప్పు! మొదటి జుట్టు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీయాలి కదా... వాళ్ళమ్మకేమో అన్నదమ్ముల్లేరు. వరసకైనా ఒక్కడు లేడు. అందుకే అలాగే పెరిగిపోయింది.

"నాకు మావ నేడు బాబూ," అన్నాడు వాడు మాస్టారితో. లేడనడానికి వాళ్ళు నేడంటారు.

మాస్టారికి అది సాకులా వినిపించింది. "కొప్పుంటే నీకు బడి లేదు!" అంటూ తనే కత్తెర తీసి ఒక పాయ కసుక్కున కోసేశారు. సోమడు తెగిన జుట్టు గుప్పిట్లో పట్టుకుని ఏడుస్తూ కొండెక్కేశాడు. వాడింక బడికి రాడనుకున్నాను...

మర్నాడు పొద్దున్నే డప్పులు! గూడెం గూడెమంతా కొండ దిగుతోంది. మాస్టారి మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. మేమంతా తలుపు వెనక్కి దూరాం.

అందరికంటే ముందు సోమడి తల్లి. చంకలో కోడిపుంజు, నెత్తిన చోళ్ళు, అదే రాగుల బుట్ట. రెండూ మాస్టారి ముందు దించి దండం పెట్టింది.

"అన్నా, నా గుంటడి పుట్టెంటికలకి నువ్వే కత్తెర పెట్టినావు. నాకు అన్నవి నువ్వే, ఆడికి మావవి నువ్వే. మావ మేనల్లుణ్ని బడిలోంచి గెంటేత్తాడేటి?"

అమ్మో... ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది నాకు!

మాస్టారు అరుగు మీద కూలబడ్డారు. సోమణ్ణి ఒళ్ళోకి లాక్కుని, మిగతా జుట్టు తీశారు. "ఇన్నాళ్ళూ నాకూ చెల్లెలు లేదమ్మా," అన్నారు చివరికి. ఇక డప్పులు చూడాలి! ఇనస్పెక్టరు దొర గుర్రం దిగేసరికి మాస్టారి చేతిలో గూడెంవాళ్ళిచ్చిన అంబలి దొప్ప ఉంది.

సోమడు ఆ బడిలోనే చదువుకున్నాడు. ఆ గూడెంలో ఆయన్ని మాస్టారని ఎవరూ పిలవగా మళ్ళీ వినలేదు... చిన్నాపెద్దా అందరికీ మావే.

ఇప్పటి పిల్లలు పూటకో క్రాపు మారుస్తున్నారు, కత్తెర పట్టినవాడి మొహమైనా చూడరు. ఇంతకీ మీ పుట్టు వెంట్రుకలు ఎవరి ఒళ్ళో తీశారు? ఆ మావని ఈమధ్య పలకరించారా...