చేటెడు తవుడు

అమెరికాలోని డబ్లిన్‌లో ఇండియన్ స్టోర్ మిఠాయి కౌంటర్ వెనక నిలబడే టీనా అసలు పేరు తవిటమ్మ అని పదకొండేళ్లుగా అక్కడ కొనేవాళ్లలో ఒక్కరికీ తెలియదు. బ్యాడ్జి మీద టీనా. ఇంట్లో భర్త మోహన్‌కి "ఇదిగో". పాస్‌పోర్టులో మాత్రం తవిటమ్మే. క్లినిక్‌లో నర్సు ఆ పేరును నాలుగు ముక్కలు చేసి పిలిచినప్పుడల్లా పక్కనున్న తెలుగువాళ్లు తలెత్తి చూసేవారు. ఆ చూపుకి ఆమె ఒళ్లంతా మండేది.

సిటిజన్‌షిప్ ఫారంలోనే పేరు మార్చుకోవచ్చని తెలిసిన రోజు ఆమె బూరెలు వండింది. కొత్త పేరు తన్వి. ఫారం నింపుతున్న కూతురు రిషిత నవ్వింది.

"తన్వీనా? మా క్లాస్‌లోనే త్రీ ఉన్నారు మమ్మీ!"

"ఉండనీయే గుంటా. నాను నాలుగోదాన్ని."

రిషిత కాలేజీలో కొరియన్ నేర్చుకుంటోంది. తల్లి సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి రెండు వారాలుందనగా ఓ కొరియన్ నవల తెచ్చుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. తవిటమ్మ ఊరుకుంటుందా? చపాతీ పిండి కలుపుతూనే కథేమిటో చెప్పమంది.

"స్టోరీ పెద్దగా లేదు. ఒక అమ్మాయి. తను పుట్టకముందే వాళ్ల అన్న చచ్చిపోయాడు. వాళ్ల మదర్ డైలీ అన్నకి కూడా టేబుల్ మీద స్పూన్ పెడుతుంది. ఎవరూ తినరు. బట్, ఈ అమ్మాయి అది కూడా వాష్ చేస్తుంది."

"తినని చెంచా కడగడం ఏటి?"

"బుక్ అంతా అదే, మమ్మీ."

తవిటమ్మ చెయ్యి పిండిలోనే ఆగిపోయింది.

"మాయమ్మ చెంచా పెట్టలేదు. నాకు పేరెట్టింది."

అప్పుడు చెప్పింది. శ్రీకాకుళం పక్క పల్లెలో ఆమెకు ముందు ఓ అన్న పుట్టాడు. మూడేళ్లకు జ్వరంతో పోయాడు. తర్వాత పుట్టిన ఈమె అయినా దక్కాలని, పురిట్లోనే ఎదురింటావిడ చేతుల్లో పెట్టేసి, చేటెడు తవుడిచ్చి మళ్లీ కొనుక్కున్నారు. తవుడుకి కొన్న బిడ్డంటే చావుకీ లోకువేనట, ముట్టుకోదట. అందుకే తవిటమ్మ.

"ఆ చేట కిందే దూరి దాక్కునేవాడంట మాయన్న. పొటో కూడా లేదు."

"నాకు అంకుల్ ఉన్నాడా? ఎందుకు చెప్పలేదు?"

"ఆడి సంగతి చెప్తే నా పేరు సంగతి చెప్పాలి కదే."

"హిస్ నేమ్?"

"రఘు."

ఆ పేరు పైకి అని ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. తల్లీ తండ్రీ పోయారు, ఎదురింటావిడా పోయింది. ఆ పిల్లాడు ఒకడుండేవాడని ఈ పూట దాకా తెలిసిన మనిషి ఈమె ఒక్కతే. ఆ రాత్రి చపాతీలు మాడిపోతే మోహన్ మాడు గీకేసుకుని తిన్నాడు.

ఇంటర్వ్యూలో ప్రశ్నలన్నీ అయ్యాక ఆఫీసరమ్మ ఫారం తిప్పి, "పేరు తన్వి అని మార్చాలి, అంతేనా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"నో. ఓల్డ్ నేమ్. సేమ్."

ఆఫీసరమ్మ ఆ కొత్త పేరు కొట్టేసి ఆమెతో సంతకం పెట్టించుకుంది. ఎలా పలకాలో అడిగి, మూడోసారికి సరిగ్గా పలికింది.

బయట కార్‌లో మోహన్, "ఏమైంది తన్వి గారూ?" అన్నాడు.

"తన్వి ఫెయిల్. తవిటమ్మ పాసయింది."

సోమవారం కౌంటర్‌లో కొత్త బ్యాడ్జి చూసి ఓ పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నాడు.

"తవిటమ్మా? అదేం పేరమ్మా?"

ఆమె అరకిలో కాజాలు తూచి డబ్బా మూత పెట్టింది.

"మా అన్నయ్య పోయాక పుట్టానండి. మీ వెనకాల లైన్ లేదు కదా, ఉండండి, చెప్తాను."