డాక్టరు సాబు కారు

కడపలో మాకు బండల వ్యాపారం. ఒకసారి కర్నూలు పాతబస్తీలో బండలు దింపి వచ్చిన మా లారీ డ్రైవరు, అక్కడ ఒక పెద్దామె ఇంటి పెరట్లో రేకుల కింద పాతకాలపు కారొకటి పడి ఉందని చెప్పాడు. మా ఆయనకు పాత వస్తువులంటే పిచ్చి. ఇంట్లో అప్పటికే నడవని గడియారాలు, పాడని గ్రామఫోన్లు చాలా ఉన్నాయి. ఆ ఆదివారమే నన్ను కూడా వెంటబెట్టుకొని కర్నూలుకు బయల్దేరాడు.

ఇంగ్లండులో తయారై, ఓడలో మద్రాసుకు వచ్చిన కారు అది. పొడవాటి బానెట్టు, ముందు రెండు పెద్ద లైట్లు, తలుపుల కింద కాలు మోపి ఎక్కడానికి మెట్టు. టైర్లలో గాలి లేదు. మీగడ రంగు చాలావరకు పెచ్చులూడి కింద తుప్పు కనబడుతోంది. తలుపు తీస్తే వెనక ఒక కోడి గుడ్లు పొదుగుతూ కూర్చుని ఉంది. అది లేవలేదు సరికదా, మమ్మల్నే కోపంగా చూసింది.

పెద్దామె నవ్వింది. ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఆ ఇంట్లో ఒక్కతే ఉంటుంది.

"మా నాయన డాక్టరు బేటీ" అంది నాతో. "ఈడుండే దొర వాళ్ళ దేశానికి పోతా పోతా అమ్మితే కొన్నాడు. డాక్టరు సాబు షోకులకు కొన్నాడని ఊరంతా అనుకున్నారంట. కోసిగి పక్క పల్లెలకు అప్పుడు బస్సు యాడిది? గత్తర తగిలి వాంతులూ బేదులైనా, కాన్పు కష్టమైనా దీంట్లోనే పోతాండె. ఆడ కాదనుకుంటే దీంట్లోనే పండబెట్టుకొని వస్తాండె."

నిజమే. వెనక సీటులో సగం పీకేసి, ఆ జాగాలో మనిషి పడుకునేంత చెక్కబల్ల బిగించి ఉంది. దానిపైన, కారు కప్పుకు, మందు బాటిలు తగిలించడానికి ఇనుప కొక్కెం కూడా ఉంది. కోడి గూడు పెట్టుకున్నది ఆ బల్ల మీదే.

రోడ్డు వెడల్పులో ఆమె పెరడు పోతోంది. కారును పెట్టుకోవడానికి చోటు లేదు. అందుకే అమ్మడానికి ఒప్పుకుంది. ధర దగ్గర పేచీ పెట్టలేదు. ఒక్కటే అడిగింది.

"ఇది మళ్ళా నడిచిన పొద్దు నన్నొకసారి ఎక్కించుకోండి. నా చిన్నప్పుడు సాయంత్రం తీరిక దొరికితే మా నాయన నన్ను కూర్చోబెట్టుకొని ఊరి నడుమ కోట బురుజు చుట్టూ ఒక్క చుట్టు తిప్పుతాండె. అంతే, ఇంగేం వద్దు."

"అదెంత పని అమ్మా! మొదట మీరు ఎక్కినాకనే మేము ఎక్కేది" అన్నాడు మా ఆయన. అప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు.

కారు బాగవడానికి మూడేళ్ళ దాకా పట్టింది. రేకు కింద చెక్క చట్రమంతా చెదలు తినేశాయి. పాత చట్రాన్ని కొలతగా పెట్టుకొని వడ్రంగి కొత్తది కట్టాడు. ఇంజను సామాన్ల కోసం మా ఆయన మద్రాసు పాత ఇనుము బజారులో ఎన్నిసార్లు తిరిగాడో. పొద్దున లేస్తే షెడ్డు, సాయంత్రం షాపు మూస్తే షెడ్డు. ఒకరోజు నేను మధ్యాహ్నం అన్నం తీసుకొని వెళ్ళినప్పుడు మేస్త్రీ చెక్కబల్లను చూపించి, "ఇదేం చేద్దాం సార్?" అని అడిగాడు.

"అది కంపెనీది కాదు గదప్పా. తీసెయ్. బండి ఒరిజినల్‌గా ఉండాల" అన్నాడు మా ఆయన.

బల్లా పోయింది, కొక్కెమూ పోయింది. వాటి చోట ఎర్రటి తోలు సీటు వచ్చింది. మీగడ రంగు పోయి ముదురు ఎరుపు వచ్చింది. బంపర్లకు, లైట్లకు కొత్త పూత వేయిస్తే అద్దాల మాదిరి మెరిశాయి. మొదటిసారి ఇంజను మోగిన రోజు మా ఆయన చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, టెంకాయ కొట్టి, వీధిలో అందరికీ లడ్లు పంచాము. అందరికంటే ముందు కారెక్కింది మేమే.

పెద్దామెను తీసుకురావడం వాయిదా పడుతూ వచ్చింది. కర్నూలు దూరం, దారిలో ఇంజను వేడెక్కుతుందేమో, ఎండలు తగ్గాక చూద్దాం, వానలు ఆగాక చూద్దాం. ఆమె పండగలప్పుడు ఫోను చేసేది. తనను ఎప్పుడు ఎక్కిస్తారని ఒక్కసారీ అడగలేదు. "బండి బాగుండాదా బేటీ?" అనేది. పెళ్ళి చేసి పంపిన బిడ్డ యోగక్షేమం అడిగినట్టు ఉండేది ఆ గొంతు. నేను బాగుందని చెప్పి మాట మార్చేదాన్ని.

ఈలోగా ఇంటికొచ్చేవాళ్ళు కారు చుట్టూ తిరిగి, "ఎవరిదప్పా ఇది?" అని అడిగేవాళ్ళు. కర్నూలులో ఒక డాక్టరుది అని చెబితే "అట్లనా" అని కాఫీ కోసం లోపలికి వచ్చేసేవాళ్ళు. ఒకరోజు మా ఆయన నోట "నవాబుల వంశం వాళ్ళది" అన్న మాట వచ్చింది. విన్నవాళ్ళ కళ్ళు పెద్దవయ్యాయి. మరో నెలకు ఆ నవాబు నల్లమలలో వేటకు పోయేవాడు. ఇంకో నెలకు చంపిన పులిని ఈ మెట్టు మీదే కట్టి తెచ్చేవాడు. వంటింట్లో వింటూ నేను నవ్వుకున్నాను. మగవాళ్ళ కబుర్లు అనుకున్నాను.

గండికోట దగ్గర పాత కార్ల ప్రదర్శన పెడుతున్నారని తెలిసినప్పుడు, పెద్దామెను పిలుద్దామని అన్నది నేనే. మాట తప్పామన్న బాధ ఎంతో కొంత తీరుతుందనుకున్నాను. కర్నూలుకు ట్యాక్సీ పంపించాను. ఆమె ఇస్త్రీ చేసిన తెల్ల చీర కట్టుకొని, కొంగు తల మీదుగా కప్పుకొని వచ్చింది. కారును చూసి కాసేపు దాని ముందు నిలబడింది.

"మాదేనా?" అని అడిగింది.

"మీదేనమ్మా. రంగు మార్చినారు అంతే."

తలుపు పట్టుకొని లోపలికి వంగి, వెనక సీటు వైపు చూసింది. బల్ల ఉండిన చోట తోలును చేత్తో తడిమింది. అప్పుడే నా కళ్ళు కారు పక్కన నిలబెట్టిన బోర్డు మీద పడ్డాయి. పెద్ద అక్షరాలతో "నవాబు గారి వేట కారు" అని, పైన పులి బొమ్మ. బోర్డు సంగతి మా ఆయన నాకు చెప్పలేదు. ఆమె తెలుగు బాగా చదువుతుంది. చదివింది కూడా. ఏదైనా సర్దిచెప్పాలనుకునేలోగా మైకులో పిలుపు వినబడింది. కార్ల యజమానులూ, వాళ్ళ ఇంటివాళ్ళూ వేదిక ముందుకు రావాలట.

మా వంతు వచ్చింది. మా ఆయన మైకు దగ్గర పులుల కథ చెప్పాడు. ఆమె నా పక్క కుర్చీలోనే కూర్చుని వింటోంది. నేను నేల చూపులు చూస్తున్నాను. కథ అయిపోయాక, ఆమె ఎవరో నిర్వాహకులకు ఎవరు చెప్పారో తెలియదు, యాంకరమ్మాయి గట్టిగా, "నవాబు గారి కూతురు స్వయంగా మన మధ్య ఉన్నారు!" అంది. చప్పట్లు మోగాయి. ఇద్దరు వచ్చి ఆమెను చేయి పట్టి వేదిక ఎక్కించారు. నేను లేచి ఆపి ఉండవచ్చు. లేవలేదు.

"అమ్మా, మీ నాన్నగారు ఈ కారులో వేటకు వెళ్ళేవారట కదా?"

ఆమె మా ఆయన వైపు చూసింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ నిమిషం నాకు ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నప్పుడు కూడా గుర్తొస్తుంది.

"ఔ" అంది ఆమె మైకులో. "పోతాండె."

"ఎన్ని పులుల్ని కొట్టి ఉంటారు?"

"లెక్క పెట్టలేదమ్మా. ఏ ఊరికి పిలిస్తే ఆ ఊరికి పోతాండె. తిండీ నిద్రా చూసుకోకుండా పోతాండె."

జనం ఈలలు వేశారు. ఆమె చెప్పినదాంట్లో చివరి మాటలు నిజమని విన్న అంతమందిలో నాకూ మా ఆయనకూ మాత్రమే తెలుసు. శాలువా కప్పారు. మా కారుకు మొదటి బహుమతి ఇచ్చారు.

టెంటులో ఆమెకు నీళ్ళిచ్చాను. "ఎందుకట్ల చెప్పినారమ్మా? కాదని ఒక్క మాట అనుంటే పోయేది గదా" అన్నాను.

"మీ ఆయన మొగం చూసినా బేటీ. పరీక్షలో పక్కోళ్ళది చూసి రాస్తా దొరికిన పిల్లల మొగం అట్లే ఉంటాది. ఇన్నేండ్ల నౌకరీలో నేను ఏ బిడ్డనూ అందరి ముందర నిలబెట్టి అడగలేదు. ఇప్పుడు అడగమంటావా?"

నేను ఏడ్చాను. ఆమె నా భుజం తట్టింది. నేను ఆమెను ఓదార్చవలసింది పోయి, ఆమె చేత ఓదార్పించుకున్నాను.

ఆమెను ట్యాక్సీ ఎక్కించి మేము ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మా ఆయన బహుమతిగా వచ్చిన కప్పును సీటు కింద పెట్టాడు. మర్నాడు పేపర్లో శాలువాతో ఆమె ఫోటో, పులుల వేట గురించి ఆమె చెప్పినట్టుగా నాలుగు మాటలు వచ్చాయి. వారం తర్వాత నేను ఫోను చేస్తే ఆమె గొంతు నీరసంగా ఉంది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. హైదరాబాదులో ఉండే ఆమె అన్న కొడుకు పేపరు చూసి కోప్పడ్డాడట. కోడిని కొయ్యడానికి కూడా చేతులు రాని తాతను వేటగాణ్ణి చేసినావా, శాలువా కోసం ఇంత అబద్ధమా అన్నాడట. ఆ తర్వాత ఫోను చేయడం మానేశాడట.

ఆ సంగతి చెబితే మా ఆయన లేచి వెళ్ళి బోర్డును రెండు ముక్కలుగా విరిచేశాడు. ఆ ఆదివారమే కారును లారీ మీద ఎక్కించి కర్నూలు తీసుకెళ్ళాము. ఆమె ఇంటి ముందు దింపి, మా ఆయన ఆమె కాళ్ళకు దండం పెట్టబోతే ఆమె వెనక్కి జరిగింది.

"వద్దు నాయనా. బండి స్టార్టు చెయ్ పో."

ముందు సీటులో ఆయన పక్కన కూర్చుంది. నేను వెనక. బజారులో జనం ఆగి చూస్తుంటే ఆమె ముఖంలో మెల్లగా నవ్వు వచ్చింది. "ఈ మలుపు కాడ మా నాయన హారను కొడతాండె" అంటే మా ఆయన హారను కొట్టాడు. ఇద్దరూ నవ్వారు. నా గుండె తేలికపడింది.

బురుజు దగ్గరకు రాగానే ఇంజను వేడెక్కి ఆగిపోయింది. మా ఆయన దిగి బానెట్టు ఎత్తాడు. చుట్టూ జనం చేరారు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. ఎవరో అడిగారు, "ఎవరిదన్నా ఈ కారు?"

"ఈయమ్మ వాళ్ళ నాయనది" అన్నాడు మా ఆయన గట్టిగా, అందరికీ వినబడేలా. "ఆయన డాక్టరు. పల్లెలకు పోయి వైద్యం చేసేటోడు."

"పేపర్లో నవాబు కారని రాసినారే?"

"అది అబద్ధమప్పా. నేను చెప్పిన అబద్ధం."

పండ్ల బండి దగ్గర నిలబడిన ఒకతను ముందుకు వచ్చి, కారులో ఉన్న ఆమెను వేలెత్తి చూపించాడు. "మీరు చెప్పడం ఏందన్నా? పులులను కొట్టినాడని ఈమే చెప్పింది గదా. ఫోటో కూడా పడింది. ఈమేనా గాదా?"

తెరిచి ఉన్న కిటికీల గుండా అందరూ వంగి ఆమెను చూస్తున్నారు. ఆమె కొంగును ముఖం మీదికి లాక్కుంది. ఆ కొంగు చాటు నుంచి ఆమె గొంతు వినబడింది. "పోదాం పా నాయనా."

బండి కదలలేదు. చివరికి అక్కడున్న వాళ్ళే తలా ఒక చేయి వేసి తోశారు. బురుజు చుట్టు పూర్తి కాకుండానే ఆమెను ఇంటి దగ్గర దింపాము. ఆమె మమ్మల్ని లోపలికి రమ్మనలేదు. కోపంతో కాదు, అలసిపోయింది. తలుపు దగ్గర నాతో ఒక్క మాట అంది. "మంచికే చేసినాడులే మీ ఆయన. కానీ బేటీ, ఇంగ ఎవురికీ ఏమీ చెప్పొద్దండి. చెప్పినకొద్దీ నేనే అబద్ధాలదాన్ని అయితా ఉండా."

అంతటితో ఊరుకోవలసిందేమో. నేను ఊరుకోలేకపోయాను. ఆమె అన్న కొడుకు నంబరు సంపాదించి ఫోను చేశాను. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. బోర్డు మాది, కథ మాది, మా పరువు కాపాడటానికి ఆమె తలూపింది అని చెప్పాను. అతను అంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా, "నేను అన్ని మాటలు అన్నా, మీ పేరు కూడా ఎత్తలేదండీ మా అత్త" అన్నాడు.

రెండు రోజులకు పెద్దామె ఫోను చేసింది. "చెప్పొద్దన్నా కదా, నీకెవురు చెప్పమన్నారు?" అని గదమాయించింది. టీచరమ్మ గొంతు. నేను తప్పేనని ఒప్పుకున్నాను. తర్వాత గొంతు తగ్గించి, "మా అన్న కొడుకు శుక్రవారం వస్తాండాడంట, పెండ్లామూ పిల్లోల్లను తీసుకొని. గోంగూర మటన్ చెయ్యాల" అంది. ఇంకేమీ చెప్పకుండా పెట్టేసింది.

మా ఆయన ఇప్పుడు కారును ప్రదర్శనలకు తీసుకెళ్ళడం లేదు. ఎవరైనా వచ్చి చూస్తామంటే తాళం నా చేతికిచ్చి, పని ఉందని షాపుకు వెళ్ళిపోతాడు. వాళ్ళు అడిగితే కర్నూలులో ఒక డాక్టరుది అని నేను చెబుతాను. పేపరు చదివినవాళ్ళు కొందరు, నాకు విషయం తెలియదనుకొని, పులుల కథ నాకే చెప్పడం మొదలుపెడతారు. ఎంత కాదన్నా వినరు. ఆమే చెప్పింది కదమ్మా అంటారు.