తిరుమలగిరిలో చార్టు తిప్పిన రోజు

రిటైరవడానికి ఏడాది ముందు, పత్తి తీతల కాలంలో, సూర్యాపేట నుంచి నన్ను తిరుమలగిరి ఉచిత కంటి శిబిరానికి వేశారు. అప్పుడు నేను ఆప్తాల్మిక్ ఆఫీసర్‌ని. అంటే చూపు పరీక్షించి, అద్దాలు రాసి, శుక్లాలుంటే ఆపరేషన్‌కు పంపేవాణ్ణి. ఆపరేషన్ చేసేది డాక్టరు.

శిబిరానికి వచ్చినవాళ్ళు ముందు పేరు రాయించుకోవాలి. తర్వాత ఆరు మీటర్ల దూరంలో నిలబడి, ఒక కన్ను అరచేత్తో మూసుకుని చార్టు చదవాలి. చదువు రానివాళ్ళకు ఇంగ్లిషు ‘ఇ’ అక్షరాల చార్టు ఉంటుంది. దాని కాళ్ళు ఎటున్నాయో చెబితే చాలు. చివరగా కంట్లోకి టార్చి వేసి చూస్తాం. నొప్పేమీ ఉండదు.

లచ్చమ్మ అనే కూలీ మనిషి అన్ని వరుసలూ గడగడా చెప్పింది. లైను పొడుగ్గా ఉందని, టార్చి వేయకుండానే చూపు బాగుందని రాసేశాను. మధ్యాహ్నం చూస్తే నీళ్ళ నల్లా కోసం గోడ తడుముకుంటోంది. పిలిపించి, చార్టును తలకిందులు చేసి మళ్ళీ అడిగాను. పొద్దున చెప్పిందే అప్పజెప్పింది. తన వంతు వచ్చేదాకా గోడవార కూర్చుని, ముందువాళ్ళు చెప్పినదంతా కంఠతా పట్టిందట. టార్చి వేస్తే రెండు కళ్ళలోనూ ముదిరిన శుక్లాలు.

“ఇంటోళ్ళ పోరు వడలేక వచ్చిన. ఆపరేషనంటే నెల దినాలు ఇంట్ల కూసోమంటరు సారూ. పత్తి ఏరుడు ఖతమైతది,” అంది.

“ఏరాలంటే పత్తి కనవడాలె గద అమ్మా?” అన్నాను.

“తడుముకుంటనే ఏరుతున్న. పత్తిని తెల్లగ సూడక రెండేండ్లాయె.” తర్వాత అడిగింది: “కట్టు ఇప్పేనాడు నువ్వుంటవా? నీ గొంతే ఎరుక, మొకం ఎరుక లేదు.”

ఉంటానన్నాను.

సూర్యాపేట దవాఖానలో ఒక కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పే రోజు పొద్దున్నే నన్ను కోదాడ శిబిరానికి పొమ్మన్నారు. వెళ్ళాను. మరునాడు ఫోన్ చేస్తే, చూపు వచ్చిందనీ ఇంటికి పోయిందనీ నర్సు చెప్పింది. పోయే ముందు వార్డులో కనిపించిన ప్రతి మగమనిషినీ “నువ్వేనా ఆ సారు?” అని అడిగిందట.

ఎంతోమందిని ఆపరేషన్‌కు పంపాను. కట్టు విప్పాక వాళ్ళు చూసే మొదటి చూపు ఒక్కసారీ చూడలేదు. ఆ కోరిక అలాగే ఉండిపోయింది. ఇప్పుడు మిర్యాలగూడలో ఉంటున్నాను. ఎప్పుడైనా తిరుమలగిరి మీదుగా పోతే ఆమె కోసం చూస్తాను. ఎదురుపడినా, నేను మాట్లాడితే తప్ప ఆమె నన్ను పోల్చుకునే వీలు లేదు.

నేర్చుకున్నది ఇదీ: చార్టు తిప్పి అడగందే చూపు బాగుందని రాయకూడదు. టార్చి మానకూడదు. ఉంటానన్న చోట ఉండలేకపోతే, కనీసం కబురైనా పంపాలి. నేను పంపలేదు.