పోటీ వద్దనుకున్న ఊళ్ళో ఒక ఎన్నిక

శీనూ, ఎలా ఉన్నావు? మీ అబ్బాయిని ఆ ఆదివారం క్లాసుకి పంపాలా వద్దా అని నువ్వడిగి చాలా రోజులైంది. పెళ్ళిళ్ళ సీజన్ కదా, స్టీలు సామాన్ల కొట్లో తల తిప్పుకోవడానికి లేకపోయింది, ఏమీ అనుకోకు. ఇంకెవరైనా అడిగితే మళ్ళీ మొదటినుంచీ చెప్పాలని ఇలా బ్లాగులోనే పెట్టేస్తున్నాను.

కూచిపూడి దగ్గర ఒక పల్లెలో, పాత గ్రంథాలయం హాల్లో, నెలకో ఆదివారం కాలేజీ పిల్లలకు చరిత్ర చెబుతారు. చెప్పేది రిటైరైన లెక్చరర్ సుజాత గారు. ఈసారి విషయం తూర్పు యూరప్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వాలు ఎలా పడిపోయాయి, తర్వాత ప్రజాస్వామ్యం ఎలా వచ్చింది అన్నది. ఆ క్లాసయ్యాకే పిల్లలు తమలో ఒకరిని ఏడాదికి కన్వీనర్‌గా ఎన్నుకోవాలి. ఏ పాఠం పెట్టాలో, ఎవరిని పిలవాలో ఆ కన్వీనరే చూసుకోవాలి. ఆ పని తనకే కావాలని మా అమ్మాయి గ్రేస్ కోరిక. డిగ్రీ మొదటి ఏడాదికే అంత పట్టుదలేమిటో నాకు తెలియదు. వారం రోజులు అద్దం ముందు నిలబడి ప్రసంగం ప్రాక్టీసు చేసింది. తోడు వెళ్ళమని వాళ్ళమ్మ నన్ను పంపింది.

గుణదల చర్చిలో తెల్లవారుజాము పూజ చూసుకుని, బస్టాండుకి వెళ్ళేసరికి ఏడు. పామర్రు మీదుగా కూచిపూడి వెళ్ళే బస్సులు తరచుగానే ఉన్నాయి. నాకు వంద రూపాయల లోపే అయింది, ఆడవాళ్ళకి ఫ్రీ కదా, గ్రేస్‌కి ఆధార్ చూపిస్తే డబ్బులే లేవు. ఉయ్యూరు దాటేదాకా చెరుకు ట్రాక్టర్ల వెనకే వెళ్ళాం, అందుకని రెండు గంటలు వేసుకో. కూచిపూడి సెంటర్లో షేర్ ఆటో మనిషికి ఇరవై. ఆటో అతను డాన్సు నేర్చుకోవడానికి వచ్చామనుకున్నాడు. గ్రంథాలయానికి అంటే, "ఎర్ర బిల్డింగాండీ? అలా చెప్పాలి మరి. రంగు తెల్లగానే ఉంటది లెండి, పేరే అలా ఉండిపోయింది" అన్నాడు. ఆ హాలు ఒకప్పుడు ఊళ్ళోని కమ్యూనిస్టు పార్టీవాళ్ళు చందాలు వేసుకుని కట్టుకున్నదట. ఇప్పుడు కోటేశ్వరరావు గారని, ఆ రోజుల్లో పార్టీలో తిరిగిన పెద్దాయన చూసుకుంటున్నారు.

క్లాసు బాగుంది. సుజాత గారు గోడల గురించీ సరిహద్దుల గురించీ తక్కువ చెప్పి, మనుషుల గురించి ఎక్కువ చెప్పారు. రొట్టె కోసం క్యూలో నిలబడ్డవాళ్ళు, పక్కింటివాడు వింటాడని ఇంట్లో కూడా గొంతు తగ్గించి మాట్లాడినవాళ్ళు. అక్కడా ఎన్నికలు జరిగేవట, కానీ చాలా చోట్ల చీటీ మీద పేరు ఒక్కటే. పిల్లలు నవ్వారు. ఒక్క పేరుంటే ఇంక ఓటెందుకని వెనక నుంచి ఎవరో అడిగారు. మధ్యాహ్నం భోజనం ఎనభై రూపాయలు. వంటావిడ లక్ష్మి గారి గోంగూర పచ్చడి కోసం నేను సిగ్గుపడకుండా రెండోసారి వెళ్ళాను. నాది స్టీలు సామాన్ల కొట్టని విని, ఎక్కడని అడిగి, వన్‌టౌన్ అని తెలిశాక, ఇంకో గరిటె వేసి, "ఈసారి వచ్చినప్పుడు మంచి తపేలా ఒకటి తెండి, తగ్గించి ఇవ్వాలి" అన్నారు.

భోజనాలయ్యాక ఎన్నిక. నామినేషన్లు అడగకముందే ఊరి కుర్రాళ్ళు కోటేశ్వరరావు గారి మనవడు వంశీ పేరు చెప్పి, ఏకగ్రీవం చేసేద్దామన్నారు. మన పల్లెల్లో పంచాయతీ ఏకగ్రీవమైతే ఊరికి మంచి పేరు కదా, పిల్లలకూ అదే అలవాటు. చప్పట్లు మొదలయ్యాయి. గ్రేస్ స్నేహితురాళ్ళు కూడా కొట్టారు. దండ బల్ల మీద సిద్ధంగా ఉంది.

గ్రేస్ లేచి తన పేరు కూడా రాసుకోమంది. చప్పట్లు ఆగాయి. ఊరుకాని ఊళ్ళో ఎందుకొచ్చిన గొడవ, కూర్చోమని నేనే చెయ్యి పట్టుకుని లాగాను. కూర్చోలేదు.

"మనలో మనకు పోటీ ఎందుకమ్మా?" అన్నారు కోటేశ్వరరావు గారు, మెల్లగానే.

"పొద్దున మేడమ్ చెప్పిన చోట కూడా ఇదే మాట అనుంటారు కదా తాతగారూ?"

వంశీ తల దించుకున్నాడు. చేతులెత్తించి తేల్చేద్దామని ఒక కుర్రాడు అన్నాడు. పెద్దాయన వద్దన్నారు. ఎందుకో కూడా చెప్పారు: "అక్కడ ప్రభుత్వాలు పడిపోతున్నప్పుడు ఈ హాల్లోనే మీటింగు పెట్టాం. అంతా బాగానే ఉందని తీర్మానం. నాకు అలా అనిపించలేదు. పక్కవాడు చూస్తున్నాడని చెయ్యెత్తాను. చీటీలు రాయించండి."

కాగితాలు చింపారు, లక్ష్మి గారు ఖాళీ తపేలా ఇచ్చారు. సుజాత గారు ఒక్కొక్కటీ విప్పి పైకి చదివారు. వంశీ బాగానే గెలిచాడు, గ్రేస్‌కి కూడా మేమనుకున్నదానికన్నా ఎక్కువే పడ్డాయి. గ్రేస్ వెళ్ళి చెయ్యి కలిపింది, ముఖం మాత్రం ఎర్రబడింది. ఈలోగా ఇద్దరు కుర్రాళ్ళు తపేలా చుట్టూ చేరి, ఇది ఫలానావాడి చేతిరాత, ఇది మనవాడే అంటూ గ్రేస్‌కి పడ్డ చీటీలు ఏరుతున్నారు. పెద్దాయన వచ్చి చీటీలన్నీ కండువాలో వేసుకుని, వంటింట్లోకి తీసుకెళ్ళి, టీ మరుగుతున్న కట్టెల పొయ్యిలో పెట్టేశారు.

తిరుగు బస్సులో ఏం చెప్పి ఓదార్చాలా అని నేను ఆలోచిస్తుంటే గ్రేసే మాట్లాడింది. "నాన్నా, నాకు ఓటేస్తామని ముందు చెప్పినవాళ్ళు ఇద్దరే. వాళ్ళు కూడా వంశీకి చప్పట్లు కొట్టారు. మరి అన్ని చీటీలు ఎవరివి?" కంకిపాడు వచ్చేదాకా ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ వచ్చింది. ఎవరిదీ తేలలేదు. తేలకపోయినా ఆ పిల్లకి బాధగా లేదు.

నాకు రాజకీయాలు పెద్దగా తెలియవు శీనూ. కొట్లో నా ఎదుట అందరూ బాగుందనే అంటారు, బయటికెళ్ళి ఏమంటారో నాకు వినపడదు. ఆ రోజు చప్పట్లు విన్నాను, చీటీలూ విన్నాను. రెండూ ఆ పిల్లలవే. వంశీ మంచివాడే, వచ్చే క్లాసుకి ఏ విషయం పెట్టాలో చెప్పమని గ్రేస్‌కే ఫోన్ చేశాడు.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. సాయంత్రం ఐదు దాటాక ఆ పల్లె నుంచి ఆటోలు దొరకవు, పొద్దున దింపిన అతని నంబరు తీసుకుని ఉంచుకోవాలి. మీ వాడిని వచ్చే నెల పంపేటట్టయితే మనిద్దరం కూడా వెళ్దాం. అంతదాకా ఆగడం ఎందుకులే, కొట్టువైపు ఎప్పుడొస్తున్నావు?