మలబారు కొండకు నాలుగు భుజాలు

బర్జోర్‌జీ పదహారేళ్లుగా బొంబాయిలో పార్సీల శవాలు మోస్తున్నాడు. మలబారు కొండ మీద, శవాల్ని రాబందులకు వదిలే గోపురాల దాకా మోసుకెళ్లడం, లోపల పడుకోబెట్టి రావడం అతని పని. పనిలో ఉండగా అతన్ని తాకినవాడు శుద్ధిస్నానం చేసి గాని ఇంట్లో కాలు పెట్టకూడదు. పెళ్లిళ్లలో అతని విస్తరి దూరంగా వేసేవారు. అతనికి కోపం వచ్చేది కాదు, ఆశ్చర్యం వేసేది. ఈ చేతికి ఏమంటుకుందో చూద్దామని ఒక్కోసారి అరచేతిని ఎండలో తిప్పి చూసుకునేవాడు.

పంతొమ్మిది వందల ఇరవై కాదు, ఇరవయ్యొకటి నవంబరని వాళ్లావిడ తరవాత తేదీ సరిదిద్దేది. అతనికి మాత్రం అది ఇంగ్లండు యువరాజు ఓడ దిగిన వారం. పార్సీలు పూలదండలతో రేవుకు వెళ్లారు. హిందువులూ ముస్లిములూ అతని రాకకు నిరసనగా కొట్లు మూసి, సీమబట్టలు కుప్పపోసి తగలబెట్టారు. మధ్యాహ్నానికి నెత్తిమీద టోపీ చూసి మనిషిని కొట్టడం మొదలైంది. మర్నాడు పార్సీ కుర్రకారు కర్రలు పట్టుకుని, ఖద్దరు టోపీ కనబడితే వదల్లేదు.

ఆ మొదటిరోజే ఖేత్‌వాడీలో ఆవాబాయి అనే ముసలావిడ కన్నుమూసింది. వెళ్లిన మోతగాళ్లు రాళ్లదెబ్బలకు ఇనప పాడె ఆ ఇంట్లోనే వదిలి పారిపోయి వచ్చారు. రెండోరోజు మధ్యాహ్నం ఆమె కూతురు ధన్‌మాయి కబురంపింది: అమ్మ ఇంకా ఇంట్లోనే ఉంది. పొద్దుగూకితే గోపురంలోకి తీసుకెళ్లకూడదు. ఇవాళ తప్పితే మూడోరోజు.

నలుగురు కావాలి. బయల్దేరడానికి ఒప్పుకుంది ఇద్దరే, బర్జోర్, ఎరచ్‌షా. ఆచారం ప్రకారం ఒంటరిగా నడవకుండా, మధ్యన తెల్లగుడ్డ చెరో కొసా పట్టుకుని కొండ దిగారు. ఒంటినిండా తెల్లబట్టలే, నెత్తిన తెల్లటోపీ.

ధన్‌మాయి ఉండే వీధి మొగలో పదిమంది పార్సీ యువకులు అడ్డం తిరిగారు.

“ఖద్దరుగాళ్లు! పట్టండ్రా!”

నల్లకోటు వేసుకున్న మీసాలాయన బర్జోర్ కాలరు పట్టుకుని గోడకు అదిమాడు. పేరు కావస్, బ్యాంకి గుమాస్తా. బర్జోర్‌కి భయం వెయ్యలేదు. ఆ చెయ్యి ఎంత వేడిగా ఉందో అనుకున్నాడు.

“కొట్టు నాయనా, కొట్టు. కొట్టాక ఇంటికెలా వెళ్తావో కూడా ఆలోచించుకో,” అన్నాడు ఎరచ్‌షా. “ఈ గుడ్డ చూడు. మేం కొండమీది వాళ్లం.”

కావస్ చురుక్కుమన్నట్టు చెయ్యి లాక్కున్నాడు. మిగతావాళ్లు బర్జోర్ నుంచే కాదు, కావస్ నుంచి కూడా రెండడుగులు వెనక్కి జరిగారు.

“ఒరేయ్, ఏంట్రా అలా చూస్తారు? నేన్రా, కావస్‌ని!”

“అదే చూస్తున్నాం. దూరంగా ఉండు, మా అమ్మ చంపేస్తుంది.”

బర్జోర్ కాలరు సర్దుకున్నాడు. “ఎలాగూ మైలపడ్డావు కదా బాబూ. మాకు ఇంకా ఇద్దరు తక్కువ. ఆవాబాయి రెండ్రోజులుగా ఎదురు చూస్తోంది.”

“నేనా? శవం మొయ్యడమా?”

“పల్లెటూళ్లలో ఇంటివాళ్లే మోస్తారు. స్నానం ఒక్కటే, తాకినా మోసినా.”

కావస్ వెనక్కి తిరిగాడు. తరవాత స్నేహితుల్లో ఒకడి చెయ్యి గబుక్కున పట్టేసుకున్నాడు. “ఇప్పుడు నువ్వూ రా, రుస్తమ్!” రుస్తమ్ తిట్టిన తిట్లకు ఎరచ్‌షా కూడా నవ్వాడు.

ధన్‌మాయి తన తండ్రి తెల్ల అంగరఖాలు రెండు తీసి గుమ్మంలో పెట్టి, పక్కకు తొలగింది. నల్లకోటు విప్పి అది తొడుక్కుంటూ కావస్ గొణిగాడు, “ఇప్పుడు మనవాళ్లే నన్ను కొడతారు.”

పాడె లేచింది. పక్క పేటలో, రోడ్డుకి అడ్డంగా సీమబట్టల కుప్ప మండుతోంది. చుట్టూ ఖద్దరు టోపీలు. బర్జోర్ చప్పున ఆగాడు.

గుంపులోంచి బట్టతల పెద్దాయన అరిచాడు, “భయపడకండి, శవం జోలికి ఎవరూ రారు! పక్కనుంచి వెళ్లిపోండి!”

“మీకు భయపడి కాదండీ,” అన్నాడు బర్జోర్. “నిప్పుకి. అది మాకు పవిత్రం, శవంతో ముప్పై అడుగుల లోపు రాకూడదు.”

“అంతేగా? ఒరేయ్, బిందె తెండి!”

“వద్దండీ! నీళ్లు పోసి నిప్పు చంపడం ఇంకా పాపం.”

పెద్దాయన నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. “చచ్చింది మీ మనిషి, మండుతోంది మా నిప్పు. ఆర్పకూడదు, దాటకూడదు. మరి ఎగిరెళ్తారా ఏం?”

ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు పెద్దాయన తన ఇంటి ప్రహరీ తలుపు తీశాడు. పెరట్లోంచి వెనక సందుకి దారి ఉంది. ఆడవాళ్లు బట్టలారేసిన దండెం విప్పి పట్టుకున్నారు. నలుగురూ తలలు వంచుకుని దాటారు.

కొండ ఎక్కేసరికి సూర్యుడు సముద్రం మీద బెత్తెడు ఎత్తున ఉన్నాడు. మోతగాళ్లిద్దరూ ఆవాబాయిని లోపలికి తీసుకెళ్లి, పని అయిందని మూడుసార్లు చప్పట్లు కొట్టి, బయటికి వచ్చారు.

స్నానం ముగించిన కావస్ తడితలతో మెట్లమీద కూర్చున్నాడు. రుస్తమ్ ఎప్పుడో వెళ్లిపోయాడు.

“నువ్వు వెళ్లలేదేం?” అన్నాడు బర్జోర్.

“ఆ ముసలాయన తలుపెందుకు తీశాడంటారు?”

“అడగలేదు. నువ్వూ అడగలేదు.”

“రేపు వెళ్లి అడిగితే?”

బర్జోర్ ఆలోచించాడు. అతనికీ తెలుసుకోవాలనే ఉంది. “ఏ టోపీ పెట్టుకుని వెళ్తావ్?” అన్నాడు.

కావస్ జుట్టు పిండుకుంటూ, పొగలు లేస్తున్న ఊరి వంక చూస్తూ కూర్చున్నాడు.