ఏం బండి అది?

కాజీపేటలో రైలు గార్డుగా రిటైరై మూడు నెలలైంది. అప్పటి నుంచి బండి కూసినప్పుడల్లా మా ఆవిడ వంటింట్లోంచి "ఏం బండి అది?" అని అడుగుతోంది. ముప్ఫై ఏళ్లుగా కూతలు విని ఎసరు పెట్టిన మనిషికి ఇప్పుడెందుకీ సందేహం? నా మతి సరిగ్గా ఉందో లేదో చూస్తోందని నా అనుమానం.

అందుకే ఈ రోజు పొద్దున బొగ్గింజను ప్యాసింజర్ కూస్తే, కావాలనే "గూడ్సు" అన్నాను.

"అట్లనా," అంది. ఐదు నిమిషాల్లో అన్నం వడ్డించింది. గూడ్సుకు వేళాపాళా ఉండదు. మా ఇంట్లో అన్నం వార్చేది ఆ ప్యాసింజర్ కూతకే.

"అన్నీ తెలిసే అడుగుతానవా?" అని నిలదీశాను.

"తెల్వక అడుగుతాననుకున్నవా? డ్యూటీ దిగినకాడి నుంచి నోరు తెరుస్తలేవు. బండి పేరన్న చెప్తవని అడుగుతాన."

ఇందాక సాయంత్రం బండి కూసింది. ఆమె అడగలేదు. ఇది కొత్త పరీక్షేమోనని మళ్లీ అనుమానం. అయినా ఆగలేక వంటింటి దాకా వెళ్లి, అది ఏం బండో చెప్పి వచ్చాను.

మీరైతే ఆగేవారా?